క్వాయ్ తీరాన కాంచనపురి

ఏడంతస్తుల జలపాతం, గుట్ట మీద బంగారు బుద్ధుడు, ఎనిమిది శతాబ్దాల నాటి కోట గోడలు... థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో చూడటానికి చాలానే ఉన్నాయి. అక్కడి రైలు పట్టాల కింద మనవాళ్ల కథ కూడా ఒకటుంది. దాన్ని మాత్రం వెతుక్కోవాలి!

బ్యాంకాక్ వెళ్లొచ్చిన మనవాళ్లని కదిపితే చాలు... పట్టయా బీచి, కోరల్ ఐలాండ్, సఫారీ వరల్డ్, ఆపైన సూట్‌కేసు పట్టనంత షాపింగ్! నాలుగు రాత్రులు, అయిదు పగళ్ల ప్యాకేజీలో అంతకన్నా పట్టదు కూడా. అదే బ్యాంకాక్ నుంచి పడమటి వైపు ఓ 130 కిలోమీటర్లు వెళితే కొండలూ నదులూ అడవులతో, బర్మా సరిహద్దును ఆనుకుని ఓ పెద్ద ప్రావిన్సు ఉంది. విస్తీర్ణంలో ఆ దేశంలో మూడోది. పేరు కాంచనబురి. ఒక్కసారి విడదీసి చదవండి... కాంచన పురి. బంగారు పట్టణమన్నమాట! స్థానికులు మాత్రం ముద్దుగా 'కాన్' అంటారు.

ఇక్కడ రెండు నదులు. పెద్దది క్వే యాయ్, చిన్నది క్వే నోయ్. రెండూ కాంచనబురి పట్టణం దగ్గర కలిసి మేక్లాంగ్ నదిగా మారి సముద్రం వైపు సాగిపోతాయి. థాయ్ భాషలో 'క్వే' అంటే ఉపనది. ప్రపంచమంతా పలికే 'క్వాయ్' అనే మాటకి అక్కడ అర్థం ఏంటో తెలుసా? గేదె! 'బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' అని మనం గొప్పగా అంటుంటే, థాయ్ పిల్లలకి 'గేదె నది మీద వంతెన' అని వినబడుతుంది. మా ఆటో డ్రైవరు ఈ సంగతి చెప్పి, మా చేత నాలుగుసార్లు 'క్వే' అనిపించి గానీ బండి కదపలేదు.

సినిమా చేసిన చిత్రం

ఆ వంతెన పేరు ప్రపంచానికి తెలిసింది సినిమాతోనే. ఫ్రెంచి రచయిత పియరీ బూల్ 1952లో రాసిన నవలని డేవిడ్ లీన్ 1957లో తెరకెక్కించాడు. ఏడు ఆస్కార్లు వచ్చాయి. విచిత్రమేంటంటే సినిమా తీసింది థాయ్‌లాండ్‌లో కాదు, శ్రీలంకలో. ఇంకో విచిత్రం- అసలు వంతెన ఉన్నది అప్పటికి 'క్వాయ్' మీదే కాదు. దాని కింద పారేది మేక్లాంగ్ నది. సినిమా చూసి వచ్చిన టూరిస్టులు 'క్వాయ్ నది ఏదీ, వంతెన ఏదీ?' అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక, 1960ల్లో థాయ్ ప్రభుత్వం ఏకంగా నది పేరే మార్చేసింది. ఆ పైభాగాన్ని క్వే యాయ్ అన్నారు. సినిమా కోసం నది పేరు మారడం ఇంకెక్కడైనా జరిగిందో లేదో!

వంతెన మాత్రం నిజం. నల్లటి ఇనుప కమానులతో మూడు వందల మీటర్ల పైచిలుకు పొడవు. 1943లో జపాన్ సైన్యం యుద్ధఖైదీల చేత కట్టించింది. ఇనుప కమానులను జావా నుంచి తెప్పించారు. తర్వాత మిత్రరాజ్యాల విమానాలు బాంబులేసి మధ్యభాగాన్ని కూల్చాయి. ఇప్పుడు చూస్తే పక్కన ఉన్నవన్నీ గుండ్రటి కమానులు, నడిమధ్య రెండు మాత్రం కోణాలతో చదరంగా ఉంటాయి. ఆ రెండూ యుద్ధం ముగిశాక జపాన్ నష్టపరిహారం కింద కట్టిచ్చినవి. ఈ తేడాని పిల్లలకి చూపించండి, ఇట్టే పట్టేస్తారు.

పట్టాల మధ్య నడుచుకుంటూ అవతలి ఒడ్డుకి వెళ్లొచ్చు. రైలు వస్తే? కూత వేసుకుంటూ నత్తనడకన వస్తుంది. పక్కకి తప్పుకోవడానికి అక్కడక్కడా చిన్న చిన్న అరుగులున్నాయి. వాటి మీద నిలబడితే రైలు కిటికీల్లోని వాళ్లు చెయ్యి చాపితే అందేంత దగ్గర. పసిపిల్లలుంటే మాత్రం ఆ సరదా వద్దు. చెక్కల సందుల్లోంచి కిందున్న నది కనబడుతూనే ఉంటుంది.

415 కిలోమీటర్లు... ఏడాదిలో!

ఆ వంతెన ఒక్కటే చూసి వెనక్కి వచ్చేస్తే కథలో పావు వంతు కూడా తెలియనట్టే. 1942లో మలయా, సింగపూర్, బర్మా జపాన్ చేతికి చిక్కాయి. బర్మాలో ఉన్న సైన్యానికి సామగ్రి అందాలన్నా, అక్కడి నుంచి భారత్ మీదికి రావాలన్నా మలక్కా జలసంధి మీదుగా ఓడల్లో పంపాలి. ఆ దారిలో శత్రు జలాంతర్గాముల భయం. దాంతో థాయ్‌లాండ్‌లోని బాన్‌పాంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజయాత్ దాకా, కొండలూ అడవులూ చీల్చుకుంటూ 415 కిలోమీటర్ల రైలుమార్గం వెయ్యాలని నిర్ణయించారు. అంతకు ముందు బ్రిటిష్ వాళ్లు ఈ మార్గం గురించి ఆలోచించి, కష్టమని వదిలేశారట. జపాన్ సైన్యం 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరుకల్లా పూర్తిచేసింది. యంత్రాలు దాదాపు లేవు. గునపాలు, సమ్మెటలు, తట్టలు, ఏనుగులు, మనుషులు... అంతే!

సుమారు అరవై వేల మంది బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్, అమెరికన్ యుద్ధఖైదీలు ఈ పనిలో ఉన్నారు. వారిలో పన్నెండు వేల మందికి పైగా కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలతో ప్రాణాలు వదిలారు. అందుకే దీనికి 'డెత్ రైల్వే' అని పేరు.

పట్టణం నడిబొడ్డున, రైల్వేస్టేషన్‌కి దగ్గర్లోనే యుద్ధ శ్మశానవాటిక ఉంది. కత్తిరించిన పచ్చగడ్డి మీద వరసలు వరసలుగా సమాధి ఫలకాలు. ఒక్కో ఫలకం ముందు ఒక్కో పూలమొక్క. 6,982 మంది. చాలామందికి పేరు, హోదా, వయసు. 22, 24, 31... అంకెలు చదువుకుంటూ పోతే గొంతు పట్టేస్తుంది. కొన్ని ఫలకాల మీద అమ్మానాన్నలు, భార్యలు రాయించిన ఒకటీ రెండూ వాక్యాలు కూడా ఉన్నాయి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దీన్ని చూసుకుంటోంది. ఒక్క ఎండుటాకు కూడా కనబడదు. నది అవతల చుంగ్‌కాయ్‌లో ఇలాంటిదే ఇంకోటి ఉంది- అక్కడ పదిహేడు వందల మందికి పైనే.

మరి మనవాళ్లో?

ఖైదీలు అరవై వేలైతే, ఈ మార్గం మీద పనిచేసిన ఆసియా కూలీలు రెండు లక్షలకు పైనే. బర్మీయులు, మలయ్‌లు, జావా వాళ్లు, చైనీయులు... వారితోపాటు మలయా రబ్బరు తోటల నుంచి వచ్చిన దక్షిణ భారతీయులు. తమిళులే అధికం. తెలుగువాళ్లూ ఉన్నారు.

మన కోస్తా జిల్లాల్లో పెద్దవాళ్లని అడిగితే 'రంగం పోయారు', 'మలయా పోయారు' అన్న మాటలు ఇప్పటికీ వినబడతాయి. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే మేస్త్రీల వెంట ఓడలెక్కి మలయా తోటలకి వెళ్లిన కుటుంబాలు ఎన్నో. మలేసియాలో ఈనాటికీ తెలుగు మాట్లాడే వాళ్లు వారి సంతతే. జపాన్ ఆక్రమణతో రబ్బరు ఎగుమతులు ఆగిపోయాయి. తోటల్లో పనిలేదు, బియ్యం లేదు. అలాంటప్పుడు 'సియాంలో పనుంది, కూలీ ఇస్తాం, తిండి పెడతాం, కొన్నాళ్లకి వెనక్కి పంపేస్తాం' అంటే నమ్మి రైలెక్కారు. ఆ తర్వాత నమ్మేవాళ్లు తగ్గేసరికి బలవంతంగా ఎక్కించారు. కొందరు పెళ్లాం పిల్లలతో సహా వెళ్లారు.

ఖైదీల శిబిరాల్లో కనీసం వాళ్ల సైన్యపు డాక్టర్లుండేవారు. నీళ్లు మరగబెట్టుకోండని చెప్పే అధికారులుండేవారు. చనిపోతే పేరు రాసుకునేవాడు ఒకడుండేవాడు. కూలీలకి ఇవేవీ లేవు. 1943 వానాకాలంలో కలరా ప్రబలినప్పుడు శిబిరాలకి శిబిరాలే తుడిచిపెట్టుకుపోయాయి. ఎంతమంది పోయారన్న లెక్క ఎవరి దగ్గరా లేదు. దాదాపు తొంభై వేలన్నది ఎక్కువగా వినిపించే అంచనా. అంతకన్నా ఎక్కువేనని అనేవారూ ఉన్నారు.

పట్టణంలో నది ఒడ్డున, వాట్ చాయ్‌చుంపాన్ ఆలయ ఆవరణలో ఓ మ్యూజియం ఉంది. 1977లో పెట్టారు. వెదురు పాకల్లో ఖైదీల బతుకు ఎలా ఉండేదో చూపిస్తుంది. పేరు 'జీత్'. జపాన్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా-అమెరికా, థాయ్‌లాండ్, హాలెండ్- ఈ దేశాల ఇంగ్లిషు పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి అలా పెట్టారు. అక్కడ నిలబడి ఆ అక్షరాలు విప్పుకుంటూ ఉంటే ఒకటే ప్రశ్న... ఎక్కువ మంది చచ్చిపోయిన వాళ్ల అక్షరం ఏదీ?

దానికి జవాబు కావాలంటే యుద్ధ శ్మశానవాటికకి దగ్గర్లోనే ఉన్న వాట్ తావోన్ వరారామ్‌కి వెళ్లాలి. వియత్నాం పద్ధతిలో కట్టిన బౌద్ధాలయం. టూరిస్టు బస్సులు ఆగవు. అక్కడే ఆసియా కూలీల అస్థికలు భద్రపరిచిన స్తూపం ఉంది. పేర్లు లేవు, వయసులు లేవు. 1990లో పట్టణం శివారులో తవ్వితే వందల అస్థిపంజరాలు ఒకేచోట బయటపడ్డాయి. అవీ ఆ కూలీలవేనని భావిస్తున్నారు. 2023లో తమిళ సంఘాలు పూనుకుని ఈ ఆలయంలో ఓ 'నడుకల్' నిలబెట్టాయి. తమిళనాడు ప్రభుత్వం కూడా ఆర్థికసాయం చేసింది. నడుకల్ అంటే మన వీరగల్లే. పల్నాడులో, రాయలసీమ ఊళ్ల పొలిమేరల్లో కనిపించే ఆ రాళ్ల లాంటిదే. ఎనభై ఏళ్ల తర్వాతైనా ఓ రాయి నిలబడింది. తెలుగు అక్షరం కోసం అలవాటుగా కళ్లు వెతుకుతాయి. అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు ఓ మూర పూలైనా పెట్టి రావచ్చు. గుడి ముందర అమ్ముతారు.

ఆ రైలు ఇంకా నడుస్తోంది

శ్మశానవాటిక పక్కనే 'థాయ్‌లాండ్-బర్మా రైల్వే సెంటర్' అనే మ్యూజియం కూడా ఉంది. 2003లో మొదలైంది. మ్యాపులు, నమూనాలు, వస్తువులతో మొత్తం కథని వివరంగా చెబుతుంది. ముందు ఇది చూసి తర్వాత రైలెక్కితే కిటికీలోంచి కనిపించే ప్రతి మలుపుకీ అర్థం తెలుస్తుంది.

అవును, ఆ రైలు ఇప్పటికీ నడుస్తోంది! యుద్ధం తర్వాత సరిహద్దు వైపు పట్టాలు పీకేశారు. నామ్‌టోక్ దాకా ఉన్నది మాత్రం థాయ్ రైల్వే బాగుచేసి నడుపుతోంది. బ్యాంకాక్‌లోని తోన్‌బురి స్టేషన్ నుంచి ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి బయల్దేరతాయి. ఏసీలు లేవు. చెక్క బల్లలు, తెరిచిన కిటికీలు, బుట్టల్లో వేయించిన అరటికాయ ముక్కలు అమ్మేవాళ్లు... మన పాసింజరు రైలు గుర్తుకొస్తుంది. చెరుకు తోటలు, కర్రపెండలం చేలు దాటాక కొండలు దగ్గరకొస్తాయి. తామ్ క్రాసే దగ్గర రైలు ఒక్కసారిగా వేగం తగ్గిస్తుంది. ఎడమవైపు కింద క్వే నోయ్ నది, కుడివైపు ముక్కుకి తగిలేలా కొండరాయి. మధ్యలో కొండ అంచుకి అంటిపెట్టుకుని కొయ్య దుంగల మీద నిలిచిన పట్టాలు. రైలు కిర్రు కిర్రుమంటూ దాని మీద పాకుతుంది. బోగీలో అంతసేపూ గోలగోలగా ఉన్న కాలేజీ పిల్లలు కూడా ఆ కాసేపు మాట్లాడలేదు. పట్టాల పక్కనే ఓ గుహ, అందులో బుద్ధుడి విగ్రహం. స్టేషన్లో దిగి చూసి రావచ్చు.

నామ్‌టోక్ నుంచి ఇంకొంచెం పైకి, పట్టణానికి 80 కిలోమీటర్ల దూరంలో 'హెల్‌ఫైర్ పాస్' ఉంది. నరకాగ్ని కనుమ! నిలువునా రాయిని కోసి చేసిన దారి. రాత్రుళ్లు కాగడాలు, మంటల వెలుతురులో ఎముకల గూళ్లలాంటి ఖైదీలు సమ్మెటలు వేస్తుంటే నరకం ఇలాగే ఉంటుందేమో అనిపించిందట. పేరు అలా వచ్చింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1998లో ఇక్కడ మ్యూజియం కట్టించింది. ప్రవేశం ఉచితం. మెట్లు దిగి కనుమలోకి నడిస్తే రాతిలో ఇరుక్కుని విరిగిపోయిన ఉలి ముక్క ఇప్పటికీ కనబడుతుంది. ఎండ ఎక్కకముందే వెళ్లండి, తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్లకి పనే.

ఖైదీ కంటపడ్డ రాతియుగం

అంత కష్టంలోనూ ఓ మనిషి కింద పడి ఉన్న రాళ్లని గమనించాడు. వాన్ హీకెరెన్ అనే డచ్ పురావస్తు నిపుణుడు యుద్ధఖైదీగా ఈ రైలుమార్గం మీద పనిచేశాడు. బాన్‌కావ్ దగ్గర మట్టి తవ్వుతుంటే ఆయన కంటికి నున్నగా అరగదీసిన రాతి పనిముట్లు కనబడ్డాయి. మిగతావాళ్లకి అవి రాళ్లు. ఆయనకి మాత్రం అది కొత్త రాతియుగం! దాచిపెట్టుకుని బతికి బయటపడ్డాడు. ఆ కబురు ఆధారంగానే 1960ల మొదట్లో థాయ్-డేనిష్ బృందం వచ్చి తవ్వకాలు జరిపి వేల ఏళ్లనాటి సమాధులు, కుండలు వెలికితీసింది. బాన్‌కావ్‌లో చిన్న మ్యూజియం ఉంది.

దానికి దగ్గర్లోనే ప్రసాత్ మువాంగ్ సింగ్. ప్రసాత్ అంటే మన ప్రాసాదమే, సింగ్ అంటే సింహం. క్వే నోయ్ ఒడ్డున జేగురు రంగు రాళ్లతో కట్టిన కోట గోడ, లోపల గోపురం కూలిన గుడి. అంగ్‌కోర్ చక్రవర్తి ఏడో జయవర్మన్ కాలపు శైలిలో కట్టినదిది. ఖ్మేర్ కట్టడాల్లో పడమటి కొసన ఉన్న పెద్దది ఇదే. కంబోడియాలో దొరికిన ఆయన శాసనంలోని 'శ్రీజయసింహపురి' ఈ ఊరేనని చరిత్రకారులు గుర్తించారు. సింహపురి... నెల్లూరు వాళ్లు విన్నారా? ఇక్కడ దొరికిన అవలోకితేశ్వరుడి అసలు విగ్రహం బ్యాంకాక్ జాతీయ మ్యూజియంలో ఉంది. ఇక్కడున్నది నకలు. అయినా సాయంత్రం వేళ చెట్ల నీడలో, జనం లేని ఆ ప్రాకారంలో ఓ గంట కూర్చోవడం హాయిగా ఉంటుంది.

ఐరావతం జలధారలు

పిల్లలున్న కుటుంబాలు కాంచనబురిలో ఒక్కచోటే చూడాలంటే ఏరావన్ జలపాతానికే ఓటు. ఏరావన్ అంటే ఇంద్రుడి ఐరావతం. థాయ్‌లో దానికి మూడు తలలు. ఏడంతస్తుల జలపాతంలో అన్నిటికన్నా పై అంచు ఆ ఏనుగు తలల్లా ఉంటుందని ఆ పేరు పెట్టారు. (మేం ఎంత తిప్పి చూసినా రెండు తలలే కనబడ్డాయి.) పట్టణం నుంచి 65 కిలోమీటర్లు, బస్సులున్నాయి. సున్నపురాయి కలిసిన నీళ్లు కావడంతో మడుగులన్నీ లేత పచ్చరంగులో మెరుస్తుంటాయి. కాళ్లు పెడితే చేపలు వచ్చి కొరుకుతాయి. నగరాల్లో దీనికే వందలు పోసి 'ఫిష్ స్పా' అంటారు, ఇక్కడ టికెట్టుతో పాటే. ఆ చేపలు కూడా చిన్నవేం కాదు, కొన్ని మూరెడు పొడవు!

రెండో అంతస్తు దాటి తినుబండారాలు తీసుకెళ్లనివ్వరు. నీళ్ల సీసాకి డిపాజిట్ కట్టించుకుంటారు. దిగివచ్చాక ఖాళీ సీసా చూపిస్తే వెనక్కి ఇచ్చేస్తారు. ఈ ఒక్క పద్ధతి మన తలకోన దగ్గర పెడితే ఎంత బాగుండు! కోతులు మాత్రం సంచీలు లాక్కోవడంలో మన తిరుమల కోతులకి ఏమాత్రం తీసిపోవు.

పల్లెచేల నడుమ బుద్ధుడు

పట్టణానికి దక్షిణంగా తామువాంగ్ దగ్గర గుట్ట మీద వాట్ తామ్ సువా ఉంది. చుట్టూ పచ్చటి వరిచేలు, పైన 18 మీటర్ల బుద్ధుడు. 157 మెట్లు. ఎక్కలేని వాళ్లకి చిన్న ట్రాలీ బండి ఉంది. బుద్ధుడి ముందు చిన్న చిన్న గిన్నెలు కన్వేయర్ బెల్టు మీద కదులుతూ ఉంటాయి. మనం వాటిలో నాణెం వేస్తే అది పాకుతూ వెళ్లి పెద్ద భిక్షాపాత్రలో గణగణా పడుతుంది. పిల్లలు జేబులు ఖాళీచేసేస్తారు, జాగ్రత్త. ఈ పేరుకి 'పులి గుహ ఆలయం' అని అర్థం గానీ లోపల పులులేం ఉండవు. ఒకప్పుడు ఈ ప్రావిన్సులో పులులతో ఫొటోలు దిగే మరో ఆలయం ఉండేది. 2016లో వన్యప్రాణి అధికారులు అక్కడి నుంచి 137 పులుల్ని తరలించారు. పాత గైడు పుస్తకాల్లో ఆ పేరు కనబడితే వదిలేయండి.

రెండు రోజులు ఎక్కువుంటే మాత్రం సంగ్‌ఖ్లాబురి దాకా వెళ్లండి. కొండదారిలో 220 కిలోమీటర్లు. బర్మా నుంచి వలసొచ్చిన మోన్ ప్రజల ఊరది. 1980ల్లో ఆనకట్ట కట్టాక పాత ఊరూ గుడీ నీట మునిగాయి. ఎండాకాలంలో నీళ్లు తగ్గితే గుడి గోడలు బయటికొస్తాయి, వానాకాలంలో పడవలో వెళ్లి చూడాలి. మన శ్రీశైలం ముంపు గ్రామాల వాళ్లకి ఈ దృశ్యం కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరి రెండు భాగాల్ని కలుపుతూ లువాంగ్ పో ఉత్తమ అనే మోన్ భిక్షువు ఆధ్వర్యంలో కట్టిన కొయ్య వంతెన ఉంది. థాయ్‌లాండ్‌లో అంత పొడవైన కొయ్య వంతెన మరొకటి లేదు. 2013 వరదల్లో మధ్యలో కూలితే మళ్లీ కట్టుకున్నారు. తెల్లవారుజామున పొగమంచులో, నెత్తిన పళ్లేలు పెట్టుకుని మోన్ ఆడవాళ్లు ఆ వంతెన దాటుతుంటే చూసి తీరాలి. బోధ్‌గయ గుడి నమూనాలో కట్టిన చేదీ కూడా ఇక్కడే. ఈ మోన్‌లని బర్మావాళ్లు 'తలైంగ్' అనేవారు. ఆ మాట మన 'తెలింగ' నుంచి వచ్చిందని కొందరు పండితులన్నారు, కాదని కొందరన్నారు. మోన్‌లకి మాత్రం ఆ పేరు ఇష్టం ఉండదు. కాబట్టి చుట్టరికం కలిపేద్దామని వాళ్ల దగ్గర ఆ మాట ఎత్తకండి!

అక్కడికి ఇరవై కిలోమీటర్ల అవతల మూడు పగోడాల కనుమ. బర్మా సైన్యాలు అయుత్తయ మీదికి దండెత్తిన దారి. ఇంత చరిత్ర చదివి వెళితే కనిపించేవి మూడు చిన్న తెల్ల పగోడాలు. నిరాశపడొద్దు.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానాలున్నాయి. అక్కడి దక్షిణ బస్ టెర్మినల్ నుంచి కాంచనబురికి మినీ వ్యాన్లు, బస్సులు రెండు మూడు గంటల్లో చేరుస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం చల్లగా ఉంటుంది. నవంబరు చివర్లో వంతెన దగ్గర లైట్లతో ఉత్సవం చేస్తారు, అప్పుడు గదులు దొరకడం కష్టం. వీసా నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి టికెట్లు కొనేముందు చూసుకోవాలి. ఆలయాలకి భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు తప్పనిసరి. శాకాహారులు 'జే' అన్న మాట గుర్తుపెట్టుకోండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న కొట్టు కనబడితే నిశ్చింతగా తినొచ్చు. మిగతాచోట్ల కూరగాయల వంటలోనూ చేపల సాస్ పోసేస్తారు. ఇక నామ్‌టోక్ రైలెక్కేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే... ఎడమవైపు కిటికీ పట్టుకోండి!